రంగస్థల పద్యాలు – తెలుగు తెర

తెలుగు పౌరాణిక నాటకాల పద్యాలను, పాటలను సినిమాలోకి తెచ్చుకోవడం ఒక సంప్రదాయం. తొలి తెలుగు టాకీతోనే ఇది మొదలైంది. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద'కు ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారం. సురభి నాటక సమాజం నటులు అందులో నటించారు. చందాల కేశవదాసు పాటలు రాశారు.

రంగస్థలంపై పద్యానికి హార్మోనియం తోడు. చివర సుదీర్ఘ రాగాలాపన ఉండేది. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అంటే నటుడు మళ్ళీ పాడేవాడు. తెరపై నిడివి తగ్గింది, వాద్యబృందం పెరిగింది, నేపథ్య గాయకులు వచ్చారు.

నటుడు స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలాన్ని ఏలిన 'శ్రీకృష్ణ తులాభారం' 1966లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో మళ్ళీ తెరకెక్కింది. సత్యభామగా జమున నటించారు; రంగస్థలంపై పేరుపొందిన సత్యభామ పాటను పి.సుశీల పాడారు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం 'హరిశ్చంద్ర' పద్యాలు, తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' కూడా సినిమాకు తరగని నిధి. 'శ్రీకృష్ణావతారం' (1967)లో ఆ కవుల రాయబారం పద్యాలను ఎన్.టి.రామారావుకు ఘంటసాల పాడారు. నాటకశాలకు వెళ్ళని తరాలకు పద్యనాటకాన్ని పరిచయం చేసిన ఘనత ఈ చిత్రాలది.