వృద్ధ పిల్లుల స్నానానికి సురక్షితమైన షాంపూ
పదేళ్లు పైబడిన పిల్లుల్లో చాలావాటికి కీళ్లనొప్పులు ఉంటాయి. అవి మునుపటిలా ఒళ్లు నాక్కుని శుభ్రపరచుకోలేవు. అటువంటప్పుడు స్నానం అవసరం కావచ్చు. అయితే బొచ్చుపై మిగిలిన షాంపూ నాలుక ద్వారా కడుపులోకి చేరుతుంది. కొన్ని రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. అందుచేత పేలు, గోమార్ల నివారణకు పెర్మెత్రిన్ కలిపిన కుక్కల షాంపూ పిల్లులకు ప్రాణాంతకం కాగలదు. టీ ట్రీ నూనె, ఫినాల్, తారు కలిసినవీ వాడరాదు. మనుషుల షాంపూ చర్మాన్ని పొడిబారుస్తుంది.

పిల్లుల కోసమే తయారైన, సువాసన లేని షాంపూను ఎంచుకోవాలి. గోరువెచ్చని నీటితో నురగ పూర్తిగా పోయేవరకు కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టాలి. మూత్రపిండాల వ్యాధి, గుండెజబ్బు ఉన్నవాటికి ముందుగా పశువైద్యుని సలహా తీసుకోవాలి. స్నానం తరువాత వణుకు, మూర్ఛ, చొంగ కారడం కనిపిస్తే తక్షణం చికిత్స అందించాలి.