పన్నెండడుగుల బల్ల దగ్గర పడతులు

మధ్యాహ్నం వంటింటి పని ముగించుకుని పిల్లలతో క్యారమ్స్ ఆడే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ ఆటకి కండబలం అక్కర్లేదు. చూపూ, చేతి నిదానమూ ఉంటే చాలు. స్నూకరూ అంతేనండీ. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల బల్ల, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, తెల్లబంతితో కలిపి 22 బంతులు. కర్రతో తెల్లబంతిని కొట్టి, దాని తాకిడితో తక్కిన బంతుల్ని సంచుల్లో పడెయ్యాలి. మరి ఇలాంటి ఆటలో ఆడవాళ్ళు చాలాకాలం ఎందుకు కనబడలేదు?

ఈ ఆట పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్పూరులో బ్రిటిష్ సైనికాధికారులు కాలక్షేపానికి కల్పించుకున్నారని చెబుతారు. వాళ్ళ యాసలో 'స్నూకర్' అంటే కొత్తగా చేరిన, పని తెలియని కుర్రవాడు. మగవాళ్ళ మెస్సుల్లో పుట్టి, మగవాళ్ళ క్లబ్బుల్లో పెరిగిన ఆట ఇది. గుమ్మమే తొక్కనివ్వకపోతే ఆట ఎలా వస్తుంది చెప్పండి?

అయినా 1976లో ఇంగ్లండులోని మిడిల్స్‌బరో టౌన్ హాలులో మహిళల ప్రపంచ పోటీ జరిగింది. గెలిచినావిడ వేరా సెల్బీ. వృత్తిరీత్యా చిత్రకళ బోధించేది. చిన్నప్పుడు చుట్టాలింటి నేలమాళిగలో ఉన్న బల్లమీద ఆట మొదలుపెట్టింది. 1981లో మళ్ళీ గెలిచేనాటికి ఆవిడకి 51 ఏళ్ళు. తర్వాత మూడేళ్ళకే, 1984లో, స్టేసీ హిలియార్డ్ అనే 15 ఏళ్ళ పిల్ల విజేత అయింది. ఒకే ఆటలో అమ్మమ్మ వయసుకీ మనవరాలి వయసుకీ చోటుందన్నమాట!

చోటు దొరికింది గాని, విలువ దొరికిందా? డడ్లీ పట్టణానికి చెందిన రియాన్ ఎవాన్స్, కూతుర్ని పెంచుకుంటూనే, 2005 నుంచి 2014 దాకా వరుసగా పదిసార్లు గెలిచింది. పదోసారి ఆమెకి ముట్టింది 1,500 పౌన్లు. ఆ ఏడాది మగవాళ్ళ విజేతకి 3,00,000 పౌన్లు! అంటే రెండువందల రెట్లు. ఆ మరుసటి ఏడు మగవాళ్ళ ప్రపంచ పోటీ అర్హత ఆటలో, మాజీ విజేత కెన్ డోహర్టీకి ఎదురు నిలిచి, 10-8 తేడాతోనే ఓడింది.

మనవాళ్ళూ వెనకబడలేదు. 2017లో సింగపూరులో మన విద్యా పిళ్ళై ఫైనలుకు చేరి, హాంకాంగు క్రీడాకారిణి ఇంగ్ ఆన్-యీ చేతిలో 6-5తో, ఒక్క ఫ్రేములో కిరీటం పోగొట్టుకుంది. 2022లో థాయిలాండు అమ్మాయి నుచ్చరుత్ గెలిచినప్పుడు, బహుమతితోపాటు మగవాళ్ళు ఆడే వృత్తి పోటీల్లో రెండేళ్ళు ఆడే హక్కు కూడా దక్కింది. డబ్బుకంటే అది పెద్ద మాట కదండీ.

అందుచేత, రేపు మీ అమ్మాయి ఆ కర్ర పట్టుకుంటానంటే, "అది మగపిల్లల ఆటే!" అని కసరకండి. వేరా చిన్నప్పుడు ఆ నేలమాళిగ తలుపు ఎవరో తీసి ఉంచారు. అంతకుమించి ఆవిడ అడిగిందేమీ లేదు.