రాత్రి షిఫ్టు, కంపెనీ కారు: మన అమ్మాయిల భద్రతకు బాధ్యత ఎవరిది?

బెంగళూరులో రెండు మూడు తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయి లేని ఇల్లు ఇప్పుడు అరుదు. వైట్‌ఫీల్డ్‌కో ఎలక్ట్రానిక్ సిటీకో సాయంత్రం బయలుదేరి తెల్లవారుజామున వస్తారు. కారు ఇంటి ముందు ఆగేదాకా పెద్దవాళ్లకు నిద్ర పట్టదు. సంఘం కార్యాలయానికి వచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగే విషయాలను ఇక్కడ ఒకచోట రాస్తున్నాము.

2005 నాటి కేసు

2005 డిసెంబరులో హెచ్‌పీ గ్లోబల్‌సాఫ్ట్ కాల్ సెంటర్‌లో పనిచేసే ఒక యువతి రాత్రి డ్యూటీకి బయలుదేరింది. రోజూ వచ్చే డ్రైవరు బదులు ఇంకొకడు వచ్చాడు. ఆమె ఆఫీసు చేరలేదు. అత్యాచారం చేసి చంపేశాడు. 2010లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

మనం గుర్తుంచుకోవలసిన రెండో సంగతి ఉంది. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1961 నాటిది. రాత్రిపూట ఆడవాళ్ల చేత పని చేయించడానికి ఐటీ కంపెనీలకు మినహాయింపు ఇచ్చినప్పుడు, రవాణా, రక్షణ కల్పించాలనే షరతు పెట్టారు. ఆ షరతు పాటించలేదని కార్మిక శాఖ కంపెనీ అప్పటి అధిపతి మీద కేసు వేసింది. కేసు కొట్టివేయమని ఆయన హైకోర్టుకు, తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. రెండు చోట్లా ఒప్పుకోలేదు. 'సోమ్ మిట్టల్ వర్సెస్ కర్ణాటక ప్రభుత్వం' పేరుతో 2008లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఇదే. ఆయన తప్పు చేశారని కోర్టు చెప్పలేదు. షరతులు పాటించారా లేదా అన్నది విచారణలో తేలాలని మాత్రమే చెప్పింది. అయినా కారు కాంట్రాక్టరుది, డ్రైవరు మా మనిషి కాదు అని కంపెనీ మొదట్లోనే తప్పుకోవడానికి వీల్లేదని ఆ కేసుతో తెలిసింది.

హైదరాబాదులో

2013 అక్టోబరులో హైదరాబాదు ఐటీ ప్రాంతంలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారులో ఎత్తుకెళ్లి అత్యాచారం చేశారు. మరుసటి ఏడాది నేరస్థులకు 20 ఏళ్ల జైలు శిక్ష పడింది. 2014 అక్టోబరులో అక్కడ షీ టీమ్స్ మొదలయ్యాయి.

చట్టం ఏమి ఇస్తుంది

2013లో వచ్చిన పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా పని ప్రదేశమే. కాంట్రాక్టు ఉద్యోగులకు, ట్రైనీలకు కూడా ఇది వర్తిస్తుంది.

- 10 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే కావాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి.
- జరిగిన 3 నెలల లోపు ఫిర్యాదు రాసివ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు గడువు ఇవ్వవచ్చు.
- విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. నివేదిక అందిన 60 రోజుల్లో కంపెనీ చర్య తీసుకోవాలి.
- విచారణ సాగుతుండగా బదిలీ గానీ, 3 నెలల దాకా సెలవు గానీ అడగవచ్చు.
- చిన్న సంస్థలకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది.

పోలీసు ఫిర్యాదు వేరు. కమిటీకి ఇచ్చినా పోలీసులకూ ఇవ్వవచ్చు. ఎక్కడ జరిగినా దగ్గరి స్టేషనులోనే రాయించుకోవచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. అత్యవసరమైతే 112, మహిళల సహాయానికి 181.

ఇంట్లో చేయవలసినవి

ఉద్యోగంలో చేరిన వారంలోనే కమిటీ సభ్యుల పేర్లు, ట్రావెల్ డెస్కు నంబరు అమ్మాయి చేత రాయించి ఇంట్లో ఉంచుకోండి. కారు నంబరు, డ్రైవరు పేరు ముందే ఫోనుకు వచ్చిన దానితో సరిపోల్చుకోమనండి. తేడా ఉంటే ఎక్కవద్దని, ట్రావెల్ డెస్కుకు ఫోను చేయమని చెప్పండి. అందరికన్నా ముందు ఎక్కించుకుని లేదా అందరి తరువాత దింపి అమ్మాయిని ఒంటరిగా తీసుకెళ్తుంటే, సెక్యూరిటీ గార్డును ఇవ్వమని అడగాలి.

ఒక మాట ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక తండ్రి కూతురితో మా దగ్గరకు వచ్చారు. డ్రైవరు రోజూ అసభ్యంగా మాట్లాడుతున్నాడని, నోటితో చెబితే మేనేజరు పట్టించుకోలేదని ఆ అమ్మాయి చెప్పింది. పరువు పోతుంది, ఉద్యోగం మానెయ్యమ్మా అన్నాము. ఆమె మానేసింది. ఆ డ్రైవరు మాత్రం అదే రూటులో తిరిగాడు. జీవితమంతా ఫైళ్లు రాసిన మేమే, ఆమె చేత ఒక్క కాగితం రాయించలేకపోయాము.

ఇకపై అలా చెప్పము. ఫిర్యాదు రాసి, తేదీ వేసి, అందినట్టు సంతకమో ఈమెయిల్ జవాబో తీసుకోండి. నకలు ఇంట్లో ఉంచండి. రాయడానికి సాయం కావాలంటే సంఘం కార్యాలయానికి రండి. పేరు బయటకు రానివ్వము.