తొమ్మిది ప్రశ్నల పట్టణం

మా ఊరి మునిసిపల్ ఆఫీసు గోడకి మాస్టర్ ప్లాన్ పటం ఒకటి చాలాకాలం వేలాడింది. ఇళ్ళకి పసుపు, దుకాణాలకి నీలం, ఇంకా రాని రోడ్లకి చుక్కల గీతలు. మా వీధి చివర కుళాయి అందులో లేదు. తెల్లవారుజామున బిందెలు వరసపెట్టే ఆడవాళ్ళూ లేరు. అభ్యంతరాలుంటే రాసి ఇమ్మని పేపర్లో ప్రకటన వేస్తారట. దాన్ని చదివి అర్జీ పెట్టిన ఆడమనిషి నాకు తెలిసి మా వీధిలో లేదు. పట్టణ ప్రణాళికలో 'ప్రజల భాగస్వామ్యం' అన్న మాట ఎక్కడ కనపడినా నాకు ఆ పటమే గుర్తొస్తుంది.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులోని 18 బాధ్యతల్లో మొదటిది పట్టణ ప్రణాళికే. కౌన్సిళ్ళలో మూడోవంతు స్థానాలు స్త్రీలకి దక్కాయి, అది చిన్న విషయం కాదు. కానీ వార్డు కమిటీలు మాత్రం మూడు లక్షలూ ఆపైన జనాభా ఉన్న ఊళ్ళలోనే తప్పనిసరి. అంటే ఇరుగుపొరుగు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే చిన్న పట్టణాలనే చట్టం వదిలేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కేరళలో, కొబ్బరిపీచు పనికీ కాలువలకీ పేరుపడ్డ అలప్పుళలో ఒక ప్రయత్నం జరిగింది. యూనిసెఫ్ తోడ్పాటుతో నడిచిన పట్టణ పేదల పథకం కింద, ముందుగా ఏడు వార్డుల్లో పేదలెవరో తేల్చాలనుకున్నారు. ఆదాయం ఎంతని అడగలేదు. తొమ్మిది సంగతులు చూశారు. ఇల్లు కచ్చాదా? మంచినీళ్ళు అందుబాటులో లేవా? మరుగుదొడ్డి లేదా? చదువురాని పెద్దవాళ్ళున్నారా? సంపాదించేది ఒక్కరేనా, అదీ లేదా? తినేది రెండు పూటలేనా? అయిదేళ్ళలోపు పిల్లలున్నారా? తాగుడుకో మత్తుకో అలవాటుపడ్డవాళ్ళున్నారా? దళిత, ఆదివాసీ కుటుంబమా? నాలుగింటికి అవుననిపిస్తే ఆ ఇల్లు పేదింటి కిందే లెక్క.

ఈ ప్రశ్నలు నాకెంతో నచ్చాయి. జీతం ఎంతో మగవాడు చెబుతాడు. నీళ్ళెంత దూరమో, పిల్లవాడు ఎన్ని పూటలు తిన్నాడో చెప్పాల్సింది ఆడదే. పదిహేను నుంచి నలభై ఇళ్ళకొక సంఘం, ఇంటికొక స్త్రీ. వాళ్ళలోంచి అయిదుగురు వాలంటీర్లు. సంఘం రాసుకున్న చిన్న ప్రణాళికలు వార్డులో కలిసి, వార్డులవి పట్టణ ప్రణాళికగా మారేవి. 1998లో మొదలైన కుటుంబశ్రీకి ఈ అలప్పుళ అనుభవమే పునాది.

తాగుడు ప్రశ్న దగ్గర కాసేపు ఆగిపోయాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాల మీదికి వెళ్ళారు. వాళ్ళ పోరాటం ఊరూరా పాకి, 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఇక్కడ వీధికెక్కిన సంగతే అక్కడ ఫారంలో ఒక గడి అయింది. గడిలో ఇమిడితే పథకం వస్తుంది, కోపం పోతుంది అనేవాళ్ళున్నారు. కుటుంబశ్రీ స్త్రీలని రాజ్యం పథకాలు మోసేవాళ్ళుగా మార్చిందన్న విమర్శ కేరళ స్త్రీవాదులే చేశారు. నేను దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేను. ఆ వాలంటీర్లు చేసింది జీతంలేని పని. వంటా, పాచిపనీ అయ్యాక మిగిలిన సాయంత్రాలు పట్టణానికి పోయాయి. అయినా, మా గోడమీద పటం గీసినవాళ్ళు ఎవరి సాయంత్రాన్నీ అడగనైనా అడగలేదు కదా.

నేనైతే ఆ తొమ్మిదికి మరో రెండు కలిపేదాన్ని: ఇంటి పట్టా ఎవరి పేరున ఉంది, ఇంట్లో దెబ్బలు తినేవాళ్ళున్నారా అని. మొదటిది సులువే. రెండోదాన్ని అత్తగారి ఎదుట కూర్చుని పక్కింటామె ఎలా అడగగలదో నాకింకా తోచలేదు.