ఇంటిపేరు చివర ఉంటుంది

తిరుమల కొండ మీద గది బుక్ చేస్తూ మా మేనత్త తెనాలి నుంచి ఫోన్ చేసింది. "ఏరా, ఆధార్ నంబర్ అడిగితే కొట్టాను. ఇప్పుడు స్కాన్ చేసి డబ్బులు పంపమంటోంది. పంపనా?"

స్వామివారి బొమ్మ ఉందా అంటే ఉంది. గోపురం ఉంది, నామాలున్నాయి, కింద సేవల టైములు పరిగెడుతున్నాయి. "పైన చిరునామా ఏముందో చదువు అత్తా" అన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు ఎక్కాలు నేర్పిన టీచరమ్మ కదా, అక్షరం అక్షరం విడదీసి చదివింది. మధ్యలో ఒకచోట "గీత" అంది.

"చుక్కా, గీతా?"

"గీతేరా, అడ్డగీత. ఇక్కడొకటి, అవతల ఇంకోటి. చుక్క చివర్న ఒక్కటే."

పంపొద్దన్నాను. ఆవిడకు కోపమొచ్చింది. "ఇంత చక్కగా ఉంటే దొంగదెలా అవుతుందిరా?"

దొంగది కాబట్టే చక్కగా ఉంది. అసలు పేజీని ఉన్నదున్నట్టు దించుకుంటే చక్కగా కాక ఎలా ఉంటుంది? అయితే అత్త అడిగినదాన్ని అంత తేలిగ్గా తోసెయ్యలేం. నకిలీ వెబ్‌సైట్ పుట్టుక ఆ ప్రశ్నలోనే ఉంది.

బజారులో నకిలీ సరుకు తయారు చేయాలంటే కాస్తో కూస్తో శ్రమ పడాలి. దొంగనోటుకు కాగితం కావాలి, సిరా కావాలి, అచ్చు కావాలి. వెబ్ పేజీకి ఆ బాధ లేదు. మనం ఒక పేజీని "చూశాం" అంటున్నామంటే, అవతలి కంప్యూటర్ దాని నకలు ఒకటి మన ఫోనుకు పంపిందని అర్థం. పేజీ ఎలా కట్టారో చూపించే "వ్యూ సోర్స్" మీట మొదటి తరం బ్రౌజర్ల నుంచీ ఉంది. పక్కవాడి పేజీ తెరిచి, లోపలి కోడు చూసి, దించుకుని, పేర్లు మార్చుకుని తమ పేజీ కట్టుకున్నవాళ్లే ఆ రోజుల్లో ఎక్కువ. వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని 1993 ఏప్రిల్ 30న సెర్న్ పరిశోధన సంస్థ ప్రకటించాక అది అంత వేగంగా పాకడానికి ఈ ఎత్తిరాతే ఒక కారణం. మోడెములు నత్తనడక నడిచే కాలంలో దూరదేశాల విశ్వవిద్యాలయాలు ఒకరి సైట్లను ఒకరు పూర్తిగా నకలు తీసి తమ దగ్గర పెట్టుకునేవి. వాటిని మిర్రర్ సైట్లు అనేవారు. అది పరోపకారం. ఆ పని కోసం పుట్టిన డబ్ల్యూగెట్, హెచ్‌టీట్రాక్ లాంటి పనిముట్లతోనే ఈవేళ దొంగ కూడా అరగంటలో మొత్తం సైటును దించుకోగలడు. అంచేత పేజీని బట్టి అసలు నకిలీ తేల్చుకోవాలనుకోవడం మొదటి నుంచీ కుదరని పని. తేడా అంటూ ఉంటే అది పేరులోనే ఉండాలి.

ఆ పేరేమో తలకిందులుగా ఉంది.

ఇంటర్నెట్ చిన్నగా ఉన్నప్పుడు కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థ ఆ జాబితాను నిర్వహించేది, మిగతావాళ్లు దాన్ని దించుకునేవారు. జాబితా మోయలేనంత పెరిగాక, 1983లో పాల్ మొకపెట్రిస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించాడు. పేరును చుక్కలతో ముక్కలు చేసి, ఒక్కో ముక్క బాధ్యతను ఒక్కొక్కరికి పంచే పద్ధతి అది. చిన్నది ముందు, పెద్దది చివర. మనం కవరు మీద ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా రాసినట్టే. కవరును సార్టింగ్ ఆఫీసులో కింది వరస నుంచి చదువుతారు, డొమైన్ పేరును కంప్యూటర్ కుడి నుంచి ఎడమకు చదువుతుంది. మనుషులం మాత్రం ఎడమ నుంచి మొదలుపెట్టి, తెలిసిన మాట కనబడగానే ఆగిపోతాం.

ఇలాగే ఉండి తీరాలన్న రూలేమీ లేదు. 1980లలో బ్రిటన్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ దీన్ని తిరగేసి రాసుకునేది. ముందు దేశం, తర్వాత విద్యాసంస్థల వర్గం, తర్వాత కాలేజీ, చివరికి శాఖ. రెండు పద్ధతులూ ఎదురుపడినచోట తమాషాలు జరిగేవి. బ్రిటన్ వాళ్ల చిరునామా చివర "సీఎస్" అని ఉంటే అది కంప్యూటర్ సైన్స్ శాఖ. అవతలివాళ్ల లెక్కలో చివర సీఎస్ అంటే చెకొస్లొవేకియా. ఆఖరికి బ్రిటన్ వాళ్లే తమ పద్ధతి మానుకున్నారు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ కూడా, పెద్దది ముందొచ్చేలా చిరునామాను పెట్టి ఉంటే బాగుండేదని తర్వాత అన్నాడు. తెలుగువాళ్లకు ఇది సులువుగా అర్థం కావాలి. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. ఎవరి తాలూకో తేలాకే మనిషి ఎవరో తెలుస్తుంది. వెబ్‌లో ఇంటిపేరు చివరికి పోయింది. నకిలీ వ్యాపారమంతా ఆ తిరకాసు మీదే నడుస్తోంది.

మొదట వచ్చినవాళ్లు పేజీల జోలికి పోలేదు, పేర్లు పట్టారు. 1995 సెప్టెంబరు దాకా డాట్ కామ్ పేరుకు పైసా ఇవ్వక్కర్లేదు. అడిగినవాడికి ఇచ్చేవారు, అడిగింది ఎవరని చూసేవారు కాదు. 1994లో జాషువా క్విట్నర్ అనే పాత్రికేయుడు మెక్‌డొనాల్డ్స్ డాట్ కామ్ ఖాళీగా ఉందని గమనించి, ఆ కంపెనీకి ఫోన్ చేసి చెప్పాడు. పట్టించుకున్నవాళ్లు లేకపోతే తనే తీసుకుని, ఆ కథంతా వైర్డ్ పత్రికలో రాశాడు. చివరికి బ్రూక్లిన్‌లోని ఒక బడికి కంప్యూటర్ల కోసం కంపెనీ చేత 3,500 డాలర్లు ఇప్పించి పేరు వదిలేశాడు. సరదా మనిషి.

డెనిస్ టోపెన్ అలా వదిలే రకం కాదు. ఇల్లినాయ్‌కు చెందిన ఇతను పెద్ద కంపెనీల పేర్లు రెండొందల పైచిలుకు రాయించుకుని కూర్చున్నాడు. సినిమా కెమెరాల కంపెనీ పానావిజన్ తన పేరు కోసం వెళ్లేసరికి, ఆ చిరునామాలో పానా అనే చిన్న పట్నం ఫొటోలు పెట్టి ఉన్నాయి. 13,000 డాలర్లిస్తే వదులుతానన్నాడు. కంపెనీ ఇవ్వనంటే, వాళ్ల మరో బ్రాండు పానాఫ్లెక్స్ పేరు కూడా పట్టేసి, ఆ పేజీలో "హలో" అని ఒక్క ముక్క రాసిపెట్టాడు. 1998లో అప్పీలు కోర్టు అతనిది తప్పని తేల్చింది. ఇది చదివినప్పుడల్లా నాకు భాగవతంలోని పౌండ్రకుడు గుర్తొస్తాడు. శంఖం, చక్రం, గరుడ జెండా అన్నీ చేయించుకుని, అసలు వాసుదేవుణ్ని నేనే, ఆ గుర్తులు వదులుకొమ్మని ద్వారకకు దూతను పంపాడు. అసలువాడికే నోటీసివ్వడం మన దగ్గర అంత పాత సంగతి. కాకపోతే కృష్ణుడికి కోర్టు ఖర్చులు లేవు, చక్రంతో తేల్చేశాడు. అమెరికా 1999 నవంబరులో చట్టం చేసింది. ఒక్కో దొంగపేరుకు వెయ్యి నుంచి లక్ష డాలర్ల దాకా పరిహారం. అదే ఏడాది డొమైన్ వివాదాలకు అంతర్జాతీయ మధ్యవర్తిత్వ పద్ధతి కూడా వచ్చింది. అందులో మొదటి తీర్పు 2000 జనవరిలో, కుస్తీ పోటీల కంపెనీ పేరు మీద.

చట్టం వచ్చాక కూడా అచ్చుతప్పుల వ్యాపారం ఆగలేదు. జాన్ జుకారీని అనే ఆయన పిల్లలు టైపు చేసే పేర్లలో వాళ్లు ఏ అక్షరం తప్పు కొడతారో ఊహించి, డిస్నీలాండ్, టెలీటబ్బీస్ లాంటి పేర్ల అచ్చుతప్పులు వేలల్లో కొన్నాడు. తప్పు కొట్టిన పిల్లాడు బూతు పేజీలో తేలేవాడు. కిటికీ మూస్తే ఇంకో రెండు తెరుచుకునేవి. ఏడాదికి 8 నుంచి 10 లక్షల డాలర్ల రాబడి. అమెరికా 2003లో ఇందుకోసమే ఒక చట్టం చేసింది. సెప్టెంబరులో ఫ్లోరిడాలో పట్టుబడ్డ అతనికి మరుసటి ఏడాది 30 నెలల జైలుశిక్ష పడింది. ఇలాంటి మనిషి మీద జాలి పడలేం గానీ, అక్షరాలు కూడబలుక్కునే పిల్లల తప్పుల పట్టికను ఇంత శ్రద్ధగా తయారు చేసినవాడు ఏ పంతుళ్లలోనూ లేడేమో.

కాస్త వెనక్కి వెళ్తే, అసలు పేజీని అచ్చుగుద్దినట్టు దించి దాంతో డబ్బు లాగే ఆలోచన 2000 నాటికింకా కొత్తది. ఆ ఏడాది జులైలో కొందరికి మెయిళ్లు వచ్చాయి, పేపాల్‌లో మీకు డబ్బు జమైంది, చూసుకోండి అని. నొక్కితే పేపాల్ పేజీయే. కాని పేరు చివరి అక్షరం "ఎల్" కాదు, పెద్దబడి "ఐ". ఆనాటి తెర మీద రెండూ ఒకే నిలువుగీత. పేరులో అక్షరం, పేజీలో నకలు, మధ్యలో పాస్‌వర్డ్ పెట్టె. ఈవేళ అత్త ఫోనులో ఉన్న సరంజామా అంతా అప్పటికే తయారు.

రెండేళ్లకు ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ విశ్వవిద్యాలయానికి చెందిన గాబ్రిలోవిచ్, గొంట్‌మాఖెర్ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకు వేసి చూపించారు. రష్యన్ లిపిలోని "స" అక్షరం చూడ్డానికి ఇంగ్లీషు "సీ"లాగే, అందులోని "ఓ" ఇంగ్లీషు "ఓ"లాగే ఉంటాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి వేరే అక్షరాలు. ఆ రెండింటితో మైక్రోసాఫ్ట్ పేరును వాళ్లు నిజంగానే రిజిస్టర్ చేసి, 2002లో వ్యాసం రాశారు. ఈసారి అచ్చుతప్పు కూడా లేదు. కంటికి దొరకదు. 2017లో షూడాంగ్ ఝెంగ్ అనే పరిశోధకుడు పూర్తిగా రష్యన్ అక్షరాలతో యాపిల్ పేరు పెట్టి చూపించేదాకా కొన్ని పెద్ద బ్రౌజర్లు కూడా మోసపోతూనే ఉన్నాయి.

ఇక్కడ మన లిపి సంగతి కాస్త చెప్పాలి. ఇప్పుడు వెబ్ చిరునామాలు తెలుగులోనూ పెట్టుకోవచ్చు, "డాట్ భారత్" అని తెలుగులోనే రాసుకోవచ్చు. తెలుగు కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. తలకట్టు దగ్గర దారులు వేరయ్యాయి గానీ, తలకట్టు లేని అక్షరాల్లో పోలిక పోలేదు. "జలజ" అని రాసి చూడండి. "బలం" అని రాయండి. బెంగుళూరు బస్సు బోర్డు మీద చూసినా తెలుగువాడు తడుముకోకుండా చదివేస్తాడు. మనకు ముచ్చటే, కంప్యూటర్‌కు మాత్రం రెండు జలజలు. అందుకే చిరునామాల చివరి భాగానికి నియమాలు రాసిన నియో-బ్రాహ్మీ నిపుణుల బృందం, ఈ రెండు లిపుల్లో కవలల్లా ఉన్న అక్షరాలను జతలుగా గుర్తించింది. ఒక లిపిలో పేరు ఒకరికి పోతే, రెండో లిపిలో దాని కవల ఇంకొకరికి దక్కకూడదు.

మన కోర్టుల్లో ఈ కథ 1999లో యాహూ ఇండియా పేరుతో మొదలైంది. ఇంటర్నెట్ వాడేది చదువుకున్నవాళ్లు, వాళ్లు పొరబడరు అని ఆ పేరు పెట్టుకున్న ప్రతివాది ఢిల్లీ హైకోర్టులో వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. (మా అత్త డబుల్ ఎమ్మే.) 2001లో మన హైదరాబాద్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తన పేరుతో వేరొకరు పెట్టిన చిరునామా మీద అదే కోర్టుకు వెళ్లి గెలిచింది. సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే "సిఫీ" మాట కోసం సుప్రీంకోర్టు దాకా పోయింది. అవతలివాళ్ల పేరులో ఒక "ఎఫ్" ఎక్కువ. డొమైన్ పేరు అంటే చిరునామా మాత్రమే కాదు, వ్యాపారానికి గుర్తు కూడా అని 2004లో తీర్పు వచ్చింది. తర్వాత ఐటీ చట్టంలో చేరిన 66డి సెక్షన్ కింద, కంప్యూటర్‌తో ఇంకొకరి వేషం వేసి మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు.

మధ్యలో తాళం బొమ్మ కథ ఒకటుంది. చిరునామా పక్కన తాళం కనిపిస్తే నమ్మొచ్చని ఏళ్ల తరబడి మనకు నూరిపోశారు. ఆ తాళానికి అర్థం మన ఫోనుకూ ఆ సైటుకూ మధ్య మాటలు మూడోవాడు వినలేడని, అంతే. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. 2015 చివర నుంచి తాళం ఉచితంగా దొరకడం మొదలయ్యాక దొంగలంతా తాళాలు వేసుకున్నారు. మన గుట్టు ఇంకెవరికీ తెలియకుండా నేరుగా దొంగకే చేరుతుందన్నమాట. 2023లో క్రోమ్ బ్రౌజర్ ఆ బొమ్మనే తీసేసింది.

ఇక తిరుమల. 2023లో టీటీడీ ఒక నకిలీ సైటు మీద తిరుమల వన్ టౌన్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. అప్పటికి అది 41వది. అప్పటి అసలు చిరునామా "తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్". నకిలీలో ఆ మాటలే అదే వరసలో ఉన్నాయి, మధ్యలో చుక్కల బదులు గీతలు, చివర డాట్ ఆర్గ్. డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకు తప్ప ఎవరికీ ఇవ్వరు. గీత పెట్టేసరికి ఆ "గవ్" ఉత్త అక్షరాల గుంపు అయిపోయింది. మొత్తం కలిపి ఒకే పెట్టిన పేరు, బజారులో ఎవరైనా కొనుక్కునేది. 2024 జనవరిలో దేవస్థానం తన చిరునామా మార్చుకుంది, చివరి రెండు చుక్కల ఇంటిపేరు మాత్రం అదే.

బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఈ ఇంటిపేరు కిటుకునే పట్టుకుంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే, హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి. బ్యాంకు కానివాడికి ఆ ఇంటిపేరు దొరకదు.

ఇదంతా ఫోనులో కాస్త కుదించి అత్తకు చెప్పాను. ఆధార్ నంబరు పోయింది కాబట్టి దాని బయోమెట్రిక్‌కు లాక్ వేయించాను. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఆ చిరునామా పెట్టించాను. అంతా అయ్యాక ఆవిడకు ఒక అనుమానం మిగిలింది.

"సరేరా, గవ్ డాట్ ఇన్ ప్రభుత్వం ఇంటిపేరు. మరి ఈ ఆర్గ్ ఎవరింటి పేరు?"

"ఎవరిదీ కాదత్తా. డబ్బు కట్టిన ఎవరైనా పెట్టుకోవచ్చు."

"అయితే అది ఇంటిపేరెలా అవుతుందిరా," అంది అత్త, "సత్రం కదూ?"