నాలుగు ఇరవైలు

యానాంలో మా తాతయ్య నాకు ఫ్రెంచి అంకెలు నేర్పింది గోదారి గట్టు మీద, చింతగింజలతో. 69 దాకా హాయిగా సాగింది. 70 రాగానే ‘స్వాసాంత్ దీస్’ అన్నారు, అరవై పది అని. 80కి ‘కాత్ర్ వెఁ’: నాలుగు ఇరవైలు. 99 అంటే నాలుగు ఇరవైల పంతొమ్మిది! గింజల్ని ఇరవయ్యేసి కుప్పలు పోస్తేగానీ నా బుర్రకెక్కలేదు.

ఇరవైలతో లెక్కపెట్టడం ఒకప్పుడు ఫ్రాన్సులో ఇంకా విరివిగా ఉండేది. 1260 ప్రాంతంలో తొమ్మిదో లూయీ రాజు పారిస్‌లో 300 మంది అంధులకు ఆశ్రయం కట్టించాడు. దాని పేరు ‘కెఁజ్ వెఁ’, అంటే పదిహేను ఇరవైలు. ఇప్పటికీ అది ఆ పేరుతోనే కంటి ఆసుపత్రిగా నడుస్తోంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు.

బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో మాత్రం 70కి ‘సెప్తాంత్’, 90కి ‘నొనాంత్’ అంటారు. నేర్చుకునేవాళ్లకు అదే సుళువు. అయినా నాకు ఇరవైలే ఇష్టం. మా అమ్మమ్మ పిడకల్ని పుంజీల లెక్కన, నాలుగేసి చొప్పున, ఎంచేది. ఇరవైకి ఐదు పుంజీలు.

1954లో ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లారు. తాతయ్య మాత్రం చివరిదాకా చిల్లర ఫ్రెంచిలోనే లెక్కపెట్టుకున్నారు.