బాల్కనీకి రంగుల ఆకులు: ఏ మొక్క ఎక్కడ?

కోరల్ బెల్స్‌కి పూల కన్నా ఆకుల రంగుతోనే పేరు. ఊదా, ఎరుపు, పసుపు రకాలున్నాయి. పుట్టిల్లు ఉత్తర అమెరికా, కోరుకునేది చల్లదనం. మే నెలలో 40 డిగ్రీలు దాటే ప్రగతి నగర్ ఎండకు నిలవడం కష్టం. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి డబ్బు పెట్టేముందు ఆలోచించండి. ఆ రంగులే ఇచ్చే మొక్కలు ఇక్కడా ఉన్నాయి.

కోలియస్: ఉదయపు ఎండ చాలు. పూమొగ్గలు తుంచితే గుబురుగా పెరుగుతుంది. ఖాలా ఇంటి నుంచి ఒక్క కొమ్మ తెచ్చి నీళ్లలో పెట్టినా వేర్లొస్తాయి.

క్రోటన్: ఎండ బాగా తగలాలి. నీడలో ఆకుపచ్చగా మారిపోతుంది. కత్తిరించాక చేతులు కడుక్కోవాలి, దాని పాలతో కొందరికి దురద వస్తుంది.

కలాడియం: నీడ బాల్కనీకి బాగుంటుంది. కానీ ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో వద్దు.